వానచుక్కల రిజిస్టరు
(పరకాలలో పెన్షనర్ల దినోత్సవం నాడు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 నాడు మనం మామూలుగా 1982 నాటి నకారా తీర్పును తలచుకుంటాం, కరువు భృతి బకాయిలు లెక్కపెట్టుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీ డాబా మీద ఉన్న ఆ గరాటు సంగతి చెప్పండి" అన్నారు. మా వాడకట్టులో కొందరు అది పావురాలకు నీళ్ళు పెట్టే పాత్ర అనుకుంటున్నారు. అది వర్షమాపకం. దానికింద ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంది. నా డెబ్బై మూడో ఏట నా చేతులతో అతికించాను.

అసలు కథ 1981లో మొదలవుతుంది. అప్పటికి మండలాలు రాలేదు. నేను ఒక తాలూకా కచేరీలో గుమాస్తాను. కచేరీ ఆవరణలో వర్షమాపకం ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీటిని కొలగాజులో పోసి, అంకె రిజిస్టరులో రాయాలి. ఒక శ్రావణమాసంలో చెప్పకుండా ఊరికి వెళ్ళి రెండు రోజులు ఉండిపోయాను. తిరిగి వచ్చి చూస్తే సీసాలో 92 మిల్లీమీటర్లు. ఏ రోజు ఎంత కురిసిందో ఎవరికి తెలుసు? సగం సగం చేసి, 46, 46 అని రాశాను. లెక్క సరిపోయింది, సంతకం అయిపోయింది.

పది రోజులకు ఒక ముసలమ్మ దరఖాస్తు పట్టుకొని వచ్చింది. మొదటి రాత్రి వానకు ఆమె మట్టిగోడ కూలిందట. పైన ఉన్న అధికారి రిజిస్టరు తెప్పించుకొని, 46 మిల్లీమీటర్లకు గోడలు కూలవని రాసి పంపారు. వాతావరణ శాఖ లెక్కలో 64.5 దాటితేనే భారీ వర్షం. ఆ 92లో ఎక్కువ భాగం ఆ ఒక్క రాత్రే కురిసిందని ఊరంతా చెబుతోంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆమె నన్ను చూసి, "బిడ్డా, జర చెప్పరాదు" అని కూడా అన్నది.

తరువాత ఉద్యోగం, పిల్లలు, పదవీ విరమణ. 2023 జులై 27 ఉదయం మన పక్కనే మోరంచపల్లి నీట మునిగింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు, చిట్యాలలో 616.5 అని తెలిసింది. అవి ఎవరో లేచి కొలిచిన అంకెలు కావు, స్వయంచాలక కేంద్రాలు వాటంతట అవే పంపినవి. ఆ పూట అన్నం సహించలేదు.

ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు సెలవులకు వచ్చినప్పుడు ఒక నీలిరంగు బోర్డు చూపించాడు. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్ళో విద్యార్థుల కోసం మొదలైన ఆర్డుయినో అట. "తాతా, నువ్వు రిజిస్టరు రాసినట్టే ఇది రాస్తది. కాకపోతే సెలవు పెట్టదు" అన్నాడు. వాడికి 1981 సంగతి తెలియదు.

కొన్నది వద్దు, నేనే కడతానన్నాను. హనుమకొండ వెళ్ళి సామాను తెచ్చాం. 28 కాళ్ళ చిప్పు ఒకటి, దాని గుండె కొట్టుకోవడానికి 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు చిన్న కెపాసిటర్లు, అయిదు వోల్టులు ఇచ్చే రెగ్యులేటరు, కొన్ని రెసిస్టర్లు. చిప్పులో ప్రోగ్రాముకు ఉన్న జాగా 32 కిలోబైట్లు. మీ సెల్‌ఫోన్ తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. ఒక చిప్పును తిరగేసి పెట్టి కాల్చాను. రెండోది బతికింది.

గరాటు కింద తూగుడు చెంచా ఉంటుంది. రెండు వైపులా చిన్న గిన్నెలు, నడుమ ఇరుసు. ఒక గిన్నె నిండగానే ఒరిగి నీళ్ళు పారబోస్తుంది, రెండోది పైకి వస్తుంది. ఒరిగినప్పుడల్లా దానికున్న అయస్కాంతం ఒక స్విచ్చును కలుపుతుంది. బోర్డు ఆ కలయికను లెక్కపెట్టి, యు.ఎస్.బి. తీగ ద్వారా కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు గంట, నిమిషం, సెకను వేసి రాసుకుంటుంది.

మొదటి రోజు పదిసార్లు ఒంచితే 37 అని చూపింది. స్విచ్చు కలిసేటప్పుడు రేకు వణికి, ఒక్క కలయిక మూడు నాలుగుగా కనబడుతుందట. ఒకే తపాలాకు మూడుసార్లు ఇన్‌వర్డు నంబరు వేసినట్టు! ఒకసారి లెక్క వేశాక సెకనులో అయిదోవంతు సేపు మరేదీ పట్టించుకోవద్దని ప్రోగ్రాములో రాశాం. కుదిరింది.

గరాటు మూతి వ్యాసం 16 సెంటీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు వాన సుమారు 20 మిల్లీలీటర్లు. చెంచా నాలుగు మిల్లీలీటర్లకు ఒరగాలని అనుకున్నాం. సెలైను సీసాల గొట్టంతో లీటరు నీళ్ళు చుక్కచుక్కగా వదిలి రాత్రంతా కూర్చున్నాను. 250 రావలసింది 236 వచ్చింది. కాబట్టి ఒక ఒరుగు 0.21 మిల్లీమీటర్లు. అదే లీటరు జోరుగా పోస్తే 219 మాత్రమే. ఒరిగే క్షణంలో పడిన నీరు లెక్కకు రాదు. కుండపోతలో ఈ యంత్రం కూడా తక్కువ చెబుతుందన్నమాట. తేడా ఇంత అని గోడమీద కాగితం అంటించాను. 1981లో నేను అంటించని కాగితం అది.

మన తెలుగువాడైన అయ్యగారి సాంబశివరావు గారు వ్యవస్థాపకులుగా, 1967లో ఏర్పడిన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. 1969లోనే టి.డి.సి. 12 అనే కంప్యూటరు తయారుచేసింది. ఆ రోజుల్లో కంప్యూటరును చూడాలంటే పెద్ద సంస్థకు వెళ్ళవలసిందే. ఇవాళ గోరంత చిప్పుకు మనలాంటివాళ్ళం పని చెప్పగలుగుతున్నాం. ఖర్చు రెండు వేలు దాటలేదు.

అయితే లోపాలు దాచను. కరెంటు పోయిన ఒక రాత్రి కంప్యూటరు పడుకుంది, వాన పోయింది. తరువాత బ్యాటరీ, గడియారం చిప్పు పెట్టాం. మరోసారి వేపాకులు గరాటుకు అడ్డుపడి, బయట వాన దంచుతుంటే లోపల సున్నా. అందుకని పక్కనే పాతకాలపు సీసా ఒకటి ఉంచి, ఎనిమిదిన్నరకు మెట్లెక్కి కొలుస్తున్నాను. మోకాళ్ళు ఒప్పుకోని రోజు కోడలు కొలుస్తుంది, ఆ అంకె పక్కన ఆమె పేరే రాస్తాను. రెండు అంకెలూ కలవని రోజు రెండూ రాస్తాను. సగం చేయను.

మొన్న అక్టోబరులో ఒక రాత్రి రెండు గంటల పది నిమిషాలకు మొదలై, మూడుంబావుకు ఆగింది. 31 మిల్లీమీటర్లు. పొద్దున ఆ కాగితం చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఆ ముసలమ్మ పేరు నాకు జ్ఞాపకం ఉంది, ఊరు కూడా. వెళ్ళి అడిగాను. మనవలు వరంగల్ దిక్కు పోయారన్నారు, గోడ ఉన్నచోట పత్తి వేశారు.

బోర్డు తెచ్చి ఆ బల్ల మీద పెట్టాను. భోజనాలయ్యాక వచ్చి చూడండి. గరాటులో నీళ్ళే పోయండి. పోయినసారి ఒక పెద్దమనిషి చాయ్ పోశారు.