గ్రూప్ డిస్కషన్‌కు మన పిల్లలను సిద్ధం చేద్దాం

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక కోఆపరేటివ్ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పుస్తకాలు తనిఖీ చేసి పోవలసిన వాళ్లం ఉద్యోగాల సంగతి ఎందుకెత్తామని మీరు అనుకోవచ్చు. పాల బిల్లు డబ్బుతోనే మన సభ్యుల పిల్లలు ఎందరో డిగ్రీలు, ఇంజనీరింగు పూర్తి చేశారు. వారిలో కొందరు వ్రాతపరీక్ష నెగ్గి కూడా గ్రూప్ డిస్కషన్‌లో నోరు మెదపలేక తిరిగి వస్తున్నారు. చదువు లేక కాదు, నలుగురిలో మాట్లాడే అలవాటు లేక. కాబట్టి ఇది మన సంఘాల సంగతే.

ముందు ఆ చర్చ ఎలా జరుగుతుందో చెప్పుకుందాం. ఎనిమిది, పది మంది అభ్యర్థులను ఒకచోట కూర్చోబెట్టి ఒక విషయం ఇస్తారు. కాసేపు ఆలోచించుకోనిచ్చి, పదిహేను, ఇరవై నిమిషాలు వారిలో వారినే మాట్లాడుకోమంటారు. అధ్యక్షుడంటూ ఎవరూ ఉండరు. పరీక్షకులు పక్కన కూర్చుని గమనిస్తారేగాని కలుగజేసుకోరు. సైన్యాధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డులో ఇది ఏనాటినుంచో ఉంది. కంపెనీలు కళాశాలలకు వచ్చి చేసే ఎంపికలలోనూ మామూలే.

వారు చూసేవి నాలుగు: అభ్యర్థికి విషయం తెలుసా? చెప్పదలచినది సూటిగా చెప్పగలడా? ఎదుటివారి మాట వింటాడా? నలుగురితో కలిసి పనిచేయగలడా? ఇది వక్తృత్వపు పోటీ కాదు. గొంతు పెంచినంత మాత్రాన మార్కులు రావు. మౌనంగా కూర్చున్నా రావు.

మన పాలకవర్గ సమావేశాన్ని జ్ఞాపకం చేసుకోండి. మిగులును బోనస్‌గా పంచాలా, బల్క్ కూలర్‌కు దాచాలా అన్న మాట వస్తుంది. ఒకరు లెక్క చెబుతారు. ఇంకొకరు కాదంటారు. మూడో సభ్యుడు ఇద్దరి మాటల్లోని మంచిని కలిపి ఒక దారి చూపుతాడు. పరీక్షకులు వెదికేది ఆ మూడో మనిషినే. అయితే మన సమావేశాల్లోని ఒక అలవాటు అక్కడ పనికిరాదు. పెద్దలు మాట్లాడితే మిగిలినవారు తలలూపడం, మహిళా సభ్యులు వెనుక కూర్చుని వేలిముద్రో సంతకమో చేసి వెళ్లడం మనకు తెలిసినవే. ఆ ఇంటి పిల్లలకు కూడా ఆ మౌనమే అబ్బుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "పాడిరైతుకు మేలు చేసేది సహకార డెయిరీయా, ప్రైవేటు డెయిరీయా?" అన్న విషయం వచ్చిందనుకోండి. "సహకారమే గొప్ప" అని ఆవేశపడితే నిలబడదు. 1946లో గుజరాత్‌లో కైరా జిల్లా యూనియన్ పుట్టింది, పాల కొనుగోలు ఒకే సంస్థ గుప్పిట్లో ఉండి రైతుకు సరియైన ధర దక్కకపోవడం వల్లనని చెప్పాలి. 1950-51లో దేశంలో పాల ఉత్పత్తి సుమారు 1.7 కోట్ల టన్నులు, 2023-24లో దాదాపు 23.9 కోట్ల టన్నులు. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ఇందుకు తోడ్పడింది. అలాగని ఘనతంతా సంఘాలదే అనరాదు. బిల్లు ఆలస్యమైన చోట, వెన్నశాతం కొలతపై నమ్మకం పోయిన చోట రైతు ప్రైవేటుకు పోతాడని ఒప్పుకోవాలి. ఎదుటి పక్షంలోని నిజాన్ని ఒప్పుకున్నవారి మాటకే బరువు. ఈ సంగతులు మన పిల్లలకు పుస్తకాల్లో వెదకవలసినవి కావు, ఇంట్లో రోజూ వినేవే.

ఇక సాధన సంగతి. సాయంత్రం పాలసేకరణ అయ్యాక, వారానికి రెండు రోజులు సంఘం గది ఒక గంట ఇవ్వండి. ఎనిమిది మంది కూర్చోవాలి. చీటీ తీసి విషయం ఎంచుకోవాలి. పదిహేను నిమిషాలు మాట్లాడాలి. ఒకరు పక్కన కూర్చుని ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు, ఎవరు అడ్డు తగిలారు, ఎవరు ఇతరుల మాటను అందుకుని ముందుకు నడిపారు అన్నవి వ్రాసుకోవాలి. తరువాత ఆ కాగితం అందరికీ చదివి వినిపించాలి. తప్పు పట్టడానికి కాదు, దిద్దుకోవడానికి.

చర్చ ఇంగ్లీషులో జరిగేట్లయితే సాధనా ఇంగ్లీషులోనే చేయాలి. ముందు విషయాన్ని తెలుగులో ఆలోచించి, మూడు నాలుగు ముఖ్యాంశాలు కాగితంపై పెట్టుకుని, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పమనండి. వ్యాకరణం తప్పుతుందన్న భయంతో నోరు కట్టుకోవడం కన్నా నష్టం లేదు. అందరికన్నా ముందే మాట్లాడి తీరాలన్న తొందరా వద్దు. రెండోసారి మాట్లాడినా, కొత్త సంగతి చెప్పినవారే గుర్తుంటారు.

ఆడపిల్లలను తప్పక పిలవండి. వారికి ఇంటికి చేరే తోడు చూడడం సంఘం బాధ్యతగా తీసుకోండి.

ఇందుకు సంఘానికి అయ్యే ఖర్చు గంటసేపు లైటు కరెంటు. దూరపు పట్టణాల్లో కోచింగు ఫీజు కట్టడానికి గేదెను అమ్ముకునే ఇల్లు ఒక్కటి తగ్గినా అది సంఘం సంపాదించిన లాభమే. రాబోయే పాలకవర్గ సమావేశంలోనే ఈ విషయం ఎజెండాలో చేర్చి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో వ్రాయవలసిందిగా కోరుతున్నాము. మళ్లీ తనిఖీకి వచ్చినపుడు ఆ పేజీని కూడా చూపిస్తారని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాము.