ఒక్క అక్షరమే కదా!
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘నలుగురిలో ఒకరుగా ఉండటం, తనలా తాను ఉండటం’ అనే అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. అంశం చాలా పెద్దది. అంత పెద్ద మాటలు పట్టుకుంటే గాలిలో తిరుగుతాం. అందుకని మనందరికీ ఉన్నదీ, మనలో చాలామందికి ఒకసారి మారిపోయినదీ అయిన ఒక చిన్న సంగతి తీసుకుంటాను. ఇంటిపేరు.

మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు వస్తుంది. చాలాసార్లు అది పొడి అక్షరంగానే మిగులుతుంది. పెళ్ళయ్యాక ‘పి’ తీసి ‘కె’ పెడితే పని అయిపోతుంది. ‘ఒక్క అక్షరమే కదా, దానికింత రాద్ధాంతమా?’ అంటారు. నేను పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదు. మా అత్తగారు పోట్లాడలేదు గానీ బాధపడ్డారు. ‘మా ఇంటిపేరు పెట్టుకోవడానికి నీకు నామోషీ ఏమిటమ్మా?’ అన్నారు. ఆవిడ గొంతులో అధికారం కన్నా భయం ఎక్కువగా వినపడింది నాకు. ఈ పిల్ల మనలో కలవదేమోనన్న భయం. ఆవిడ చిన్నవయసులో ఆ ఇంటికొచ్చి, ఆ పేరుతోనే ఊళ్ళో మనిషిగా నిలబడ్డారు. ఆ భయాన్ని వెక్కిరించి స్త్రీవాదం చెప్పలేం. ‘నువ్విక మా మనిషివి’ అన్న ప్రేమమాట వెంట కూడా పితృస్వామ్యం మన ఇళ్ళలోకి నడిచి వస్తుంది. అందుకే దాన్ని కాదనడం అంత కష్టం.

మరి పేరు మార్చుకున్న స్త్రీకి ఆ ఇల్లు తనదవుతుందా? ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు’ అని సామెత ఉంది. పేరుకీ లోపలి సంగతికీ పొంతన ఉండదని మన పెద్దవాళ్ళకీ తెలుసు.

పేరు మార్చుకోమని 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఎక్కడా లేదు. కానీ ‘పెళ్ళయిన పిల్ల ఈ ఇంటిది కాదు’ అన్న భావం మాత్రం వేరే చట్టాల్లోకి బాగానే ఎక్కింది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. చాలా రాష్ట్రాల కన్నా ముందు చేసిన పని, గర్వించాల్సిందే. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించదన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన వాళ్ళలో పెళ్ళయిన అక్కకి లేదు, పెళ్ళికాని చెల్లెలికి ఉంది! ఈ తేడా 2005 కేంద్ర సవరణతో గానీ పోలేదు. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగాదా 2020లో గానీ తేలలేదు. అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.

అది పుట్టింటి సంగతి. అత్తింటి సంగతి చూడండి. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు ఉంది. 1955లో పెళ్ళయిన ఒక అమ్మాయికి మూడు నెలల్లోనే భర్త చనిపోయాడు. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు. ఉద్యోగం చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుంది. 1996లో వీలునామా రాయకుండా చనిపోయింది. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్తా పిల్లలూ లేని స్త్రీ స్వార్జితం మొదట భర్త వారసులకే పోతుంది, ఆ తర్వాతే కన్నవాళ్ళకి. జాలితో చట్టాన్ని మార్చలేమని చెప్పి, కోర్టు ఆ డబ్బు భర్త తరపువాళ్ళకే ఇచ్చింది. బతికున్నప్పుడు గుమ్మం తొక్కనివ్వని ఇల్లు, చనిపోయాక ఆమెను తమ మనిషిగా లెక్కపెట్టుకుంది. (మీలో ఎవరైనా ఇంకా వీలునామా రాయకపోతే రాసుకోండి. మధ్యలో చెబుతున్నానని తేలిగ్గా తీసుకోకండి.)

ఇంకో కేసు మన తెలుగు కుటుంబాలదే. భర్త చనిపోయిన ఒక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని, బిడ్డకి కొత్త ఇంటిపేరు పెట్టింది. మొదటి భర్త తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. బిడ్డకి పాత ఇంటిపేరే ఉంచమనీ, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపమనీ హైకోర్టు అంది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయమనడం క్రూరత్వమే అవుతుందనీ, ఆ బిడ్డ మనసు మీద దెబ్బ ఆలోచించలేదనీ, సహజ సంరక్షకురాలిగా తల్లికి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందనీ చెప్పింది. నేను సంతోషించాను. కానీ ఇక్కడొక చిక్కుంది. తల్లి పెట్టిన పేరు కూడా ఒక మగవాడి ఇంటిపేరే. ఇంట్లో అందరిదీ ఒక పేరైతే బిడ్డ వేరుగా మిగిలిపోదని ఆమె అనుకుంది. ఆ కోరికను తప్పని ఎలా అంటాం?

‘మీరు నిలుపుకున్నది మాత్రం మీ నాన్న పేరు కాదా?’ అని అమ్మాయిలు నన్ను అడుగుతారు. అవును, మా నాన్నదే. మగవాళ్ళ చేతులు తగలని అచ్చమైన పేరు నాకెవరిస్తారు? అయితే ఆ పేరుతో బడికెళ్ళాను, పరీక్షలు రాశాను, స్నేహితులు ఆ పేరుతోనే ఉత్తరాలు రాశారు. అందుకని నాదంటున్నాను. మొత్తం వదిలేసినవాళ్ళూ ఉన్నారు. తొలి పుస్తకాల మీద ‘ముప్పాళ రంగనాయకమ్మ’ అని ఉండేది, తర్వాత ఉత్త ‘రంగనాయకమ్మ’.

కానీ చెప్పడం, దాచడం, వదలడం అందరికీ ఒకే ఖరీదులో దొరకవు. మన దగ్గర ‘మీ ఇంటిపేరేమిటమ్మా?’ అని అడిగితే కులం అడిగినట్టే. పట్నంలో అద్దెయిల్లు వెతుక్కునే దళిత స్త్రీ పొడి అక్షరం చెప్పి ఊరుకుంటే, ‘దాచుకోకు, నీలా నువ్వుండు’ అని బోధించడానికి నేనెవర్ని? నేను నా ఇంటిపేరు గట్టిగా చెబితే సభలో చప్పట్లు కొడతారు. ఆమె చెబితే గది దొరకదు. మన పత్రికల్లో ‘అస్తిత్వం’ అన్న మాట విరివిగా వాడేటప్పుడు ఈ తేడా మరిచిపోతున్నామని నాకు తరచూ అనిపిస్తుంది.

కాగితాల దగ్గర ఇంకో బాధ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు, ఆధార్‌లో మూడోది. ఒంటరి స్త్రీల పింఛన్ల కోసం తిరిగే మీకు నేను చెప్పాలా? ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా జీవితంలో రెండుసార్లే అవకాశం. పెళ్ళికొకటి, విడాకులకొకటి, అయిపోయింది. గెజిట్‌లో పుట్టింటిపేరుకి తిరిగి మార్చుకోవాలంటే విడాకుల డిక్రీ గానీ భర్త నిరభ్యంతర పత్రం గానీ తెమ్మన్న కేంద్ర నోటిఫికేషన్‌ని ఒక స్త్రీ 2024లో ఢిల్లీ హైకోర్టులో సవాలు చేయాల్సి వచ్చింది. అత్తింటి పేరు పెట్టుకునేటప్పుడు మన నాన్నని ఎవరైనా నిరభ్యంతర పత్రం అడిగారా?

పొద్దున రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర మనకిచ్చిన ఫారం చూశాను. మూడో గడి ‘భర్త/తండ్రి పేరు’. సాయంత్రం తీర్మానాలు రాసేటప్పుడు ఆ గడి సంగతి కూడా తేల్చండి.