తీసేసిన వీడియోకు జవాబుదారు ఎవరు?



లింబాయత్, ఉధనా మగ్గాల నడుమ తెలుగును నిలుపుకొని, నగరపాలిక బడుల్లో తెలుగు మాధ్యమాన్ని కాపాడుకుంటున్న సూరత్ తెలుగువారి మధ్య, ఈ సాహిత్య సభలో మాట్లాడే అవకాశం దక్కడం నాకు గౌరవం. వీడియో వేదికలు జనం పెట్టినదాన్ని తీసేయవచ్చా అన్నది సాహిత్య సభకు సంబంధించని ప్రశ్న అని మనలో కొందరు పెద్దలు అంటున్నారు. అచ్చుకెక్కని తెలుగు ఇవాళ యూట్యూబ్‌లో పలుకుతోంది. ఆ తెలుగు మంచిచెడ్డలు తేల్చే పని మనది కాదంటే ఇక మనకున్న పనేమిటి? హాని చేసే వీడియోను తీసేయాల్సిందే. అయితే తెలుగు తెలిసిన మనిషి చూసి, కారణం చెప్పి, ప్రతిని భద్రపరిచాకే తీసేయాలి. ఈ మూడు షరతుల్లో చివరిదాన్ని అందరూ మరిచారు. నేను ముఖ్యంగా మాట్లాడేది దాని గురించే.

2019 మే 24న ఈ ఊళ్లోనే, సర్థానాలోని తక్షశిలా ఆర్కేడ్ మంటల్లో 22 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ట్యూషన్‌కు వచ్చిన పిల్లలు. పై అంతస్తు నుంచి వాళ్లు దూకుతున్న దృశ్యాలు దేశమంతా తిరిగాయి. వాటిని కళ్ల ముందు నుంచి తప్పించమని అడిగే హక్కు కన్నవారికి ఉంది. ఆ రోజు ఎవరు ఎక్కడ విఫలమయ్యారో చెప్పే సాక్ష్యమూ ఆ దృశ్యాల్లోనే ఉంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు ఉంచాలి. కోర్టు కోరితే ఇంకా ఎక్కువ కాలం ఉంచాలి. మన దేశంలో కేసులు నడిచే తీరుకు ఆరు నెలలు ఏ మూలకు? 2017లో యూట్యూబ్ యంత్రాలు సిరియా యుద్ధ దృశ్యాలను వేలల్లో తొలగించాయి. అదే ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లిబియా సైనికాధికారి అల్ వెర్ఫల్లిపై వారంటు జారీ చేసింది. దానికి ముఖ్య ఆధారం జనంలో తిరిగిన వీడియోలే.

భద్రపరచడం ఎందుకో మన సాహిత్య చరిత్రే చెబుతుంది. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా వావిళ్లవారు 1910లో అచ్చువేసిన ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ మీద మరుసటి ఏడాదే ప్రభుత్వం వేటు వేసింది. అంతకుముందే దాన్ని అసభ్యమని కొట్టిపారేసినవారు వీరేశలింగం. ఆయన సంస్కరణల ముందు తల వంచుతాను, ఆ తీర్పు ముందు వంచను. ప్రకాశం పంతులు ప్రభుత్వం నిషేధం ఎత్తేసేనాటికి ఆ కావ్యం ప్రతులు బతికి ఉన్నాయి కాబట్టే ఆ తీర్పును తిరగరాయగలిగాం. సర్వర్‌లోంచి చెరిపేసిన వీడియోకు ఆ అవకాశం లేదు.

ఏదీ తీయకూడదు, కోర్టులే చెప్పాలి అనే మిత్రులు 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పును చూపుతారు. అది కోర్టు ఆదేశమో ప్రభుత్వ ఉత్తర్వో లేకుండా వేదికను శిక్షించకూడదంది. వేదిక తన విచక్షణ వాడకూడదని అనలేదు. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద తెలుగు యూట్యూబర్లు లైవ్‌లో అసభ్యంగా మాట్లాడారు. నటుడు సాయి దుర్గా తేజ్ గొంతెత్తాక గానీ వ్యవస్థ కదలలేదు. పసిబిడ్డ గౌరవం కోర్టు వాయిదాల కోసం ఆగాలా? ఇక యంత్రాలకు వదిలేద్దామనేవారికి 2020 అనుభవమే జవాబు. కరోనా వేళ యూట్యూబ్ యంత్రాల మీదే ఆధారపడి మూడు నెలల్లో 1.14 కోట్ల వీడియోలు తీసేసింది. అప్పీళ్ల మీద సుమారు లక్షా 60 వేలు తిరిగి పెట్టింది. ఆపైన మళ్లీ మనుషులనే పిలిచింది. చనువుగా అన్న మాటను తిట్టుగా, మర్యాదగా పలికిన ద్వేషాన్ని మంచిమాటగా పొరబడే యంత్రానికి మన యాసలు అప్పగించలేం. దాచిన ప్రతులు దుర్వినియోగం కావా అన్న భయం న్యాయమైనదే. కోర్టుకూ, అనుమతి పొందిన పరిశోధకులకూ తప్ప ఎవరికీ తెరవని భద్రస్థానం దానికి పరిష్కారం.

తెలుగు మనిషి తూచాలన్నా ఒక ఆధారం కావాలి. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1971లో చేనేత మాండలిక పదకోశం ఇచ్చారు. వాడుకలోని తిట్లకూ, ఎత్తిపొడుపులకూ, చనువు మాటలకూ అలాంటి ప్రాంతీయ కోశం లేకపోతే వీడియోను తూచేవారికి ఏ ప్రమాణం ఇస్తాం? సిద్ధాంత చర్చలతో పొద్దుపుచ్చే మన విశ్వవిద్యాలయ శాఖలు ఈ పనికి పూనుకోవాలి. తొలగింపుపై తెలుగు మనిషి తీర్పు, తెలుగులో కారణం, కేసు ముగిసేదాకా ప్రతి. ఈ మూడింటినీ తీర్మానంగా ఆమోదించి కేంద్ర ఐటీ శాఖకు పంపాలని సభను కోరుతున్నాను.