వెనుక కీలు సడలిన మోటారు సైకిలు



ముప్పది సంవత్సరములకు పైగా బాలురకు వ్యాకరణము చెప్పిన పండితునకు మోటారు సైకిలుతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. నా మేనల్లుడు తన బుల్లెట్టుపై నన్ను వెనుక కూర్చుండబెట్టుకొని పోవుచుండగా, ఒక పెద్ద మలుపులో ఆ వాహనము పాము వలె మెలికలు తిరిగినది. ప్రాణములతో బయటపడితిమి. నాటినుండి ఈ విషయమును నేను శ్రద్ధతో విచారించితిని.

మా వాడు చేతిలో హ్యాండిలు కదలినది గావున దోషము ముందే కలదని నిశ్చయించెను. ముందరి టైరు మార్పించెను. పిమ్మట హ్యాండిలు బేరింగులు మార్పించెను. వ్యయము పెరిగినదే కాని ఊగుట మానలేదు. "ఇక మార్చుటకు ఏమున్నది మామయ్యా?" అనెను. "ఒరే, బండికి చక్రములు రెండు గదరా! రెండవదానిని ఎవరైన చూచిరా?" అంటిని.

పూర్వము పెక్కు మోటారు సైకిళ్లకు వెనుక చక్రము చట్రమునకే బిగించియుండెడిది. గతుకు తగిలినచో నడుము విరిగెడిది. ఆ బాధ తీర్చుటకు వచ్చినదే, మెకానిక్కులు స్వింగార్మ్ అని పిలుచు ఇనుప చేయి. ఇంగ్లండులో 1949లో వచ్చిన బుల్లెట్టునకు ఈ యేర్పాటు కలదు. 1955 నుండి మదరాసులో తయారైన బుల్లెట్టునకును అదియే. ఆ చేయి తలుపు వలె ఒక కీలుపై క్రిందికిని మీదికిని ఆడవలెను. ప్రక్కలకు మాత్రము కదలరాదు. కీలులోని బుష్షులు అరిగినచో చక్రము తనంతట తాను ప్రక్కకు వ్రాలును. బుష్షులు దగ్గరగాను, చక్రము దూరముగాను ఉండుటచే, కీలుకడ వెండ్రుకవాసి సందు చక్రముకడ పెద్ద కదలిక యగును. ముందు మనము నడుపుచుండగా వెనుక మఱియొకడు నడుపుచున్నట్లుండును.

వైద్యుడు లక్షణమును బట్టి రోగమును నిర్ణయించును గదా. ఇచ్చట లక్షణములు ముఖ్యముగా రెండు. హ్యాండిలు మాత్రము సెకనునకు ఆఱు మొదలు పది మాఱులు వడివడిగా వణకుట యొకటి. ఇందు ముందరి టైరును, హ్యాండిలు బేరింగులను మొదట అనుమానింపవలెను. బండి యంతయు సెకనునకు రెండు మొదలు నాలుగు మాఱులు మెల్లగా ఊగుట రెండవది. ఇది వేగములోను, మలుపులలోను, వెనుక బరువున్నప్పుడును హెచ్చును. ఇందు వెనుక భాగమును తప్పక చూడవలెను.

పరీక్షకు క్రమము కలదు. మొదట టైర్లలో గాలి చూడుడు. వెనుక కట్టిన మూటలు దింపుడు. పిమ్మట సెంటర్ స్టాండు వేసి, వెనుక చక్రమును పట్టుకొని ప్రక్కలకు నెట్టి లాగుడు. మఱియొకరు కీలుకడ వ్రేలుంచవలెను. చేయి కూడ కదలినచో దోషము కీలులో కలదు. చేయి నిలిచి చక్రము మాత్రము కదలినచో చక్రపు బేరింగులలో కలదు. కీలును మోయు చట్రములో పగుళ్లున్నవేమో దీపము పెట్టి చూడుడు. అరిగిన బుష్షును నట్టు బిగించి బాగుచేయజూచుట వ్యర్థము. బుష్షు మార్పవలెను, గాడిపడినచో ఇరుసును మార్పవలెను. ఎద్దుబండి ఇరుసునకు కందెన వలె దీనికిని, గ్రీజు పెట్టు రకమైనచో, వేళకు గ్రీజు పెట్టవలెను.

ఇంజనీర్లకే ఇది ఎంత సున్నితమో నార్టన్ కమాండో తెలుపును. 1967లో వచ్చిన ఆ వాహనములో ఇంజనును, గేరుపెట్టెను, వెనుక చేయిని ఒకటిగా కూర్చి రబ్బరుపై నిలిపిరి. చట్రమునకు అదురు తగ్గినది. కాని ప్రక్క సందు ఇంచుమించు అంగుళములో నూఱవ వంతుండవలెను. అది హెచ్చినచో బండి ఊగును, తగ్గినచో అదురు మరలివచ్చును. ఆ సందును పలుచని రేకులతో సరిచేసెడివారు. 1975లో మరతో సరిచేయు ఏర్పాటు వచ్చినది.

మా వాని బండిలో బుష్షులు అరిగి, ఇరుసు గాడిపడియుండెను. రెండును మార్చిన పిమ్మట అదే మలుపులో బండి చెప్పినట్లు వినినది. నేను మరల వెనుక కూర్చుంటిని, కాని వేగము తగ్గింపుమని చెప్పితిని.

వణకు కనబడినచోటనే రోగమున్నదనుకొనకుడు. మీ బండిని నమ్మి వెనుక కూర్చుండు తల్లినో బిడ్డనో తలచుకొని, చక్రమును ఒకమాఱు చేతితో కదలించి చూడుడు.