కంప్యూటరు భాషలు – తప్పుల లెక్క



ఇంటివద్ద చనిపోవువారికంటె ఆసుపత్రిలో చనిపోవువారు ఎక్కువ గనుక జబ్బుచేసినవారిని ఆసుపత్రికి తీసికొనిపోరాదని ఎవరైన వాదించినచో మీరు నవ్వుదురు. ప్రాణముమీదికి వచ్చిన రోగులనే ఆసుపత్రికి చేర్చుదురని మీకు తెలియును. అచ్చట లెక్క అబద్ధము కాదు. దానినుండి తీసిన నిర్ణయము అబద్ధము. నేటి ప్రసంగవిషయము కూడ ఇట్టిదే.

కంప్యూటరు తనంతట తాను ఏమియు చేయజాలదు. చేయవలసిన పనిని వరుసగా ఆజ్ఞల రూపమున వ్రాసి ఈయవలెను. ఆ ఆజ్ఞల సముదాయమునే ప్రోగ్రామందురు. వానిని వ్రాయుటకై మనుష్యులు కల్పించిన భాషలు సీ, జావా, పైథాన్, హాస్కెల్ మొదలుగా అనేకములు గలవు. మీ భూమి పత్రములు, పింఛను, బ్యాంకు ఖాతా నేడు ఇట్టి ప్రోగ్రాముల మీదనే నడచుచున్నవి. వానిలో దోషమున్నచో జాబితాలో ఒకరి పేరు మాయము కావచ్చును; ఒకరి సొమ్ము మరియొకరికి చేరవచ్చును. కావున ఏ భాషలో వ్రాసిన తప్పులు తక్కువయను ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు.

2014వ సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో బైశాఖీ రే, ప్రేమ్‌కుమార్ దేవన్బు మొదలగువారు దీనిని లెక్కలతో తేల్చ బూనిరి. ప్రోగ్రాములను అందరు చూచునట్లు భద్రపరచు గిట్‌హబ్ అను భాండాగారమునుండి 17 భాషలకు సంబంధించిన 729 ప్రోగ్రాములను గైకొనిరి. అవి సుమారు 8 కోట్ల పంక్తులు. వానిలో జరిగిన మార్పులు 15 లక్షలు. మార్పు చేసినపుడెల్ల దాని కారణమును ఒక చిన్న వ్యాఖ్యగా వ్రాయుట అచ్చటి ఆచారము. ఆ వ్యాఖ్యలో తప్పు, దోషము, సవరణ అను అర్థములనిచ్చు ఆంగ్లపదములు కనబడినచో దానిని ఒక తప్పు దిద్దుబాటుగా లెక్కించిరి. హాస్కెల్ వంటి భాషలలో తప్పులు కొంచెము తక్కువ, సీ ప్లస్ ప్లస్ వంటివానిలో కొంచెము ఎక్కువ అని తేలెను. ఈ భేదము స్వల్పమేయని వారే స్పష్టముగా వ్రాసిరి. కాని లోకమునకు ఆ మాట పట్టలేదు. భాషల తారతమ్యము మాత్రమే పట్టినది.

2019లో ఎమెరీ బెర్గర్, జాన్ విటెక్ మొదలగువారు ఆ లెక్కనే మొదటినుండి తిరుగదోడిరి. సవరణకు ఆంగ్లమున 'ఫిక్స్' అందురు. 'ఇన్‌ఫిక్స్' అను వేరొక సాంకేతికపదములో ఆ అక్షరములున్నందున అదియు తప్పుల పద్దులో చేరినది. 'తప్పు' అను మాటను వెదకుచు 'దారినుండి తప్పుకొనెను' అనుదానిని నేరముగా వ్రాసికొన్నట్లు! దిద్దుబాట్లుగా ఎంచినవానిని కొన్నిటిని మనుష్యులచేత చదివించి చూడగా నూటికి 36 దిద్దుబాట్లే కావు. టైప్‌స్క్రిప్ట్ అను భాష 2012లో వెలువడినది. ఆ లెక్కలో దాని వ్రాతలు 2003నుండియే ఉన్నవి. పుట్టుటకు తొమ్మిదేండ్లు ముందే వ్రాతలెట్లు వచ్చెను? అవి అనువాదముల దస్త్రములు. పేరు చివరి రెండక్షరములు ఒకటే యగుటచే వానిని ఆ భాషగా భ్రమించిరి. ఇట్టివన్నియు సరిదిద్దిన పిమ్మట నాలుగు భాషల విషయముననే భేదము నిలిచినది, అదియు అత్యల్పము.

ఈ పొరపాట్లు లేకున్నను చిక్కు తీరదని నా యభిప్రాయము. సీ భాషలో కంప్యూటరును నడుపు మూలప్రోగ్రాములను ఎక్కువగా వ్రాయుదురు. హాస్కెల్‌ను ఎన్నుకొనువారు కొలదిమంది, పెక్కురు శాస్త్రాభిమానులు. మెట్టచేనిని మాగాణితో పోల్చి విత్తనముల గుణము నిర్ణయింపవచ్చునా? వచ్చిన ఫిర్యాదునెల్ల వ్రాసికొను ఠాణాలో నేరములు ఎక్కువగా కనబడును. త్రిప్పిపంపు ఠాణాలో తక్కువగా కనబడును. తప్పులను శ్రద్ధగా వెదకి దిద్దుకొనువారి పద్దే పెద్దదగును. మనము లెక్కించునది దొరికిన తప్పులనే గాని ఉన్న తప్పులను కాదు.

అట్లని పోలికయే అసాధ్యమనరాదు. ఒకే చోట, ఒకే విధమగు తప్పును, ముందువెనుకల చూడవచ్చును. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో జ్ఞాపకస్థానపు హద్దు దాటకుండ చూచుకొను భారము వ్రాయువానిదే. గట్టు దాటి పొరుగుచేనిలో నాగలి పెట్టినట్లు అతడు హద్దు మీరినచో దొంగలకు దారి ఏర్పడును. రస్ట్ అను భాషలో మామూలుగా ఇట్టి హద్దుమీరుట సాగదు. చేతి ఫోనులను నడుపు ఆండ్రాయిడ్‌లో క్రొత్త భాగములను రస్ట్ వంటి భద్రమైన భాషలలో వ్రాయుట హెచ్చించిరి. భద్రతకు భంగము కలిగించు తప్పులలో ఈ హద్దు తప్పుల వంతు 2019లో నూటికి 76. 2024లో నూటికి 24 అని దాని యజమానియగు గూగుల్ సంస్థ ప్రకటించెను. ఇచ్చట కారణమును వ్రేలు పెట్టి చూపవచ్చును; భాషయే ఆ తప్పును పట్టుకొనుచున్నది.

అయినను ఇది హద్దు తప్పుల మాటయే. అరువదేండ్లవారికి ఈయవలసిన పింఛనును అరువదియైదేండ్లకని వ్రాసినచో ఆ ఆజ్ఞను రస్ట్ కూడ మారుమాటాడక నెరవేర్చును.