నాలుక తిప్పే ఆవు: జబ్బు ఎవరిది?

ఎవరి పేరున ఇక్కడ కూడామో ఆ పెద్దాయనకు పొగడ్తలంటే గిట్టదని అంటారు. కనుక ఆ పని జోలికి పోకుండా, సాటి పశువైద్యులతో నాకున్న పాత తగవు ఎత్తుకుంటాను.

కొట్టంలో కట్టేసిన సంకరజాతి ఆవు నోట్లో ఏమీ లేకుండానే నాలుక చాపి, మెలితిప్పి, లోపలికి లాక్కుని, మళ్లీ చాపుతుంది. గోడలు నాకడం, గుడ్డలు నమలడం, ఎముకలు కొరకడంతో దీన్నీ ఒకే గాటన కట్టి, నట్టల మందు, ఖనిజ లవణ మిశ్రమం రాసిస్తున్నాం. ఎముకలు కొరికే పశువు సంగతిలో అది సబబే. భాస్వరం లోటే పశువును ఎముకల మీదికి తోలుతుందని, కుళ్లిన కళేబరంలోని విషం దాన్ని చంపుతుందని దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ బృందం ఏనాడో తేల్చింది. వరిగడ్డిలో భాస్వరం తక్కువ కాబట్టి ఇక్కడా ఆ వైద్యం అవసరమే. నాలుక తిప్పడం వేరు. బయలులో మేసే ఆవు రోజుకు దాదాపు ఎనిమిది గంటలు నాలుకతో గడ్డి చుట్టి తెంపుతుంది. తొట్టిలో తవుడు, పత్తి చెక్క పోస్తే నిమిషాల్లో ఖాళీ చేస్తుంది, ఆ తర్వాత నాలుకకు పని ఉండదు. కట్టేసిన పడ్డలను పచ్చికకు వదిలితే ఈ చేష్ట ఆగిందని, మళ్లీ కట్టేస్తే తిరిగొచ్చిందని స్వీడన్‌లో ఇంగ్రిడ్ రెడ్బో 1990లో చూపారు. అలా ఆగడానికి ఏ పొట్లమూ అక్కర్లేకపోయింది.

ఒకే కొట్టంలో ఒక ఆవు తిప్పుతుంటే పక్క ఆవు ఎందుకు తిప్పదని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే తిప్పని ఆవు బాగుందని ఎవరు చెప్పారు? 1987లో నెదర్లాండ్స్‌లో వీప్‌కెమా బృందం మాంసం కోసం పెంచే దూడల కడుపులు పరిశీలిస్తే, నాలుక ఆడించిన వాటిలో పుండ్లు లేవు, ఆడించని వాటిలో ఉన్నాయి. పాలు తాగే దూడల లెక్క పాడి ఆవుకు అచ్చంగా అతకదని ఒప్పుకుంటాను. కానీ ఒకే చెడ్డ చోట ఉన్న పశువుల్లో ఇలాంటి చేష్ట చేసేదే కాస్త మెరుగ్గా ఉండవచ్చని మేసన్, లేథమ్ 2004లో చేసిన సమీక్ష కూడా అంది. నాలుక తిప్పే ఆవును సంతకు తోలేస్తే లక్షణం పోతుంది గాని కొట్టం అలాగే ఉంటుంది.

“తాడు విప్పితే మిరప చేలో పడదా?” అనేది రైతు మాట, అదీ న్యాయమే. మందులు కొట్టిన చేల గట్ల మీద గడ్డి కూడా నమ్మరానిది. నేను తాడు విప్పమనడం లేదు. పీచు మేతను నాలుగైదు సార్లుగా, రాత్రికి కూడా మిగిలేలా వేయమంటున్నాను. ఆ పీచు ఎక్కడిది అన్నదే అసలు చిక్కు. నల్లరేగడిలో జొన్న చొప్ప, పిల్లిపెసర, జనుము ఉన్నచోట పత్తి, మిరప వచ్చాయి. వాటి కట్టె పొయ్యిలోకే గాని తొట్టిలోకి రాదు. పైరు మారితే పశువు నడవడి ఎలా మారుతుందన్నదే నేనిప్పుడు రాస్తున్న పుస్తకం. దానికి మీ సాయం కావాలి. పాలకేంద్రాల వాళ్లు వెన్న శాతం రాసే పుస్తకంలో ఒక గడి అదనంగా గీయండి. మేత అయ్యాక ఆవు నాలుక తిప్పిందా లేదా, ఆ రోజు చొప్ప ఎన్నిసార్లు వేశారు, ఈ రెండూ రాసి పంపండి.