అడ్డపొగ: మానమంటే సరిపోదు

(ఉత్తరాంధ్ర గ్రామాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొగతాగడం అనగానే సిగరెట్ పట్టుకున్న మగవాడే మన కళ్లముందు కనిపిస్తాడు. లెక్కలూ అలాగే ఉన్నాయి. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో పొగతాగేవాళ్లు మగవాళ్లలో 19 శాతం, ఆడవాళ్లలో 2 శాతం. రెండు శాతమే కదా అని పథకాలు వేసేవాళ్లు ఊరుకుంటారు. దేశమంతటి సగటులో శ్రీకాకుళం, విశాఖ పల్లెల స్త్రీలు మాయమైపోతారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ ఇక్కడ ప్రధానంగా స్త్రీల అలవాటు.

ఈ అలవాటు ఎందుకొచ్చింది? మత్స్యకారుల పేటల్లో, కూలీల వాడల్లో నేను అడిగినప్పుడు కారణాలన్నీ పని చుట్టూనే తిరిగాయి. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆకలి చచ్చిపోతుంది, పంటినొప్పి తెలియదు. ఇంకో కారణం కూడా ఉంది. పొద్దుటినుంచీ రాత్రిదాకా చాకిరీ చేసే మనిషి కాసేపు కూర్చుంటే ఎవరూ ఏమీ అననిది చుట్ట వెలిగించినప్పుడే. చుట్ట మానమంటే ఆ కాస్త విశ్రాంతినీ వదులుకోమన్నట్టే ఆమెకు వినిపిస్తుంది. దీన్ని పట్టించుకోకుండా మనం ఎన్ని నీతులు చెప్పినా ప్రయోజనం లేదు.

నష్టం మాత్రం చిన్నది కాదు. వేడీ పొగా నేరుగా అంగిలిని కాలుస్తాయి. అంగిలి తెల్లబారడం, ఎర్రటి మచ్చలు, పుండ్లు, చివరికి క్యాన్సర్. ఎన్నో చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. టాటా పరిశోధనా సంస్థ వారు 1970ల చివర్లో ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించి, ఓపిగ్గా చెబుతూ వచ్చారు. అలా చెప్పినచోట మానినవాళ్లు పెరిగారు, నోటి మచ్చలు తగ్గాయి. అంటే మన పల్లె స్త్రీలు మానలేరన్నది అబద్ధం. వాళ్లదగ్గరికి ఎవరూ వెళ్లకపోవడమే అసలు సంగతి.

ఇక మానడం ఎలా?

ముందు ఆమె ఏయే వేళల్లో కాలుస్తుందో ఆమెతోనే చెప్పించండి. నిద్రలేవగానే, గంజి తాగాక, చేపల బుట్ట దించాక. ఒక్కో వేళకు బదులు ఏం చేయాలో ఆమే నిర్ణయించుకోవాలి. తర్వాత ఒక రోజు పెట్టుకోవాలి. ఇంట్లో పండగో, కోతలో ఉన్న వారం వద్దు. ఆ రోజుకి ఇంట్లో ఆకు, చుట్ట లేకుండా చూసుకోవాలి.

మొదటి మూడు రోజులే బాగా కష్టం. చిరాకు, తలనొప్పి, నిద్రపట్టకపోవడం ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి తగ్గిపోతాయి. కాల్చాలన్న యావ ఒక్కసారికి కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు దాటించాలి: చల్లటి నీళ్లు, నోట్లో నాలుగు సోంపు గింజలు, పక్కింటి గుమ్మంలో రెండు మాటలు. చుట్ట మాని నస్యమో, జర్దానో మొదలుపెడితే మానినట్టు కాదు. అదీ పొగాకే. ఎప్పుడైనా ఒకటి కాలిస్తే అంతా పోయిందని కూలబడనక్కర్లేదు. ఏ సందర్భంలో కాల్చిందో చూసుకుని మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. 1800-11-2356 అనే ఉచిత జాతీయ నంబరుకు ఫోన్ చేసినా సలహా ఇస్తారు.

ఆ నెలరోజులూ ఇంటిపని ఎవరు పంచుకుంటారు? ఆమె ఎదురుగా మొగుడు కాల్చకుండా ఉంటాడా? ఇవి సంఘంలో అడగవలసిన ప్రశ్నలు. 1992లో దూబగుంట స్త్రీలు సారా సమస్యను ఇంటి గుట్టుగా ఉంచకుండా వీధిలోకి తెచ్చారు. ఇక్కడ అలవాటు మనదే కాబట్టి పోరాటం వేరుగా ఉంటుంది, కానీ ఒంటరిగా కాక పదిమందీ కలిసి మానడం తేలికన్న పాఠం మాత్రం ఒకటే.

ప్రభుత్వాన్నీ అడగాలి. 2003 చట్టం వచ్చింది, 2016 నుంచి పెట్టెమీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్నారు. ఆకు కొని ఇంట్లో చుట్టుకునే ఆమెకు పెట్టే లేదు, బొమ్మా లేదు. ముప్పై దాటినవాళ్లందరికీ నోటి పరీక్ష చేయాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో టార్చిలైటు పట్టుకుని ఎందరి అంగిళ్లు చూశారో లెక్క అడగండి. రెండు వారాల్లో మానని పుండు, మచ్చ ఏదున్నా డాక్టరుకి చూపించండి.

చుట్ట కాల్చే ఆడదాన్ని చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. మనం ఆ పని చేయొద్దు. ఆమె పక్కన కూర్చుందాం. చుట్ట వెలిగించకపోయినా కూర్చునే హక్కు ఆమెకుందని ఆమె ఇంటివాళ్లకీ చెబుదాం.